కందంలో నాలుగో పాదానికి యతి దొరకడం లేదు: "ఇందుఁ గలఁ డందు లేఁ డని"

బీఎడ్_రెండోఏడు
పద్య విశ్లేషణ అసైన్‌మెంట్‌కి పోతన భాగవతం ఏడో స్కంధంలోని కందం ఇచ్చారు. ప్రహ్లాదుడు తండ్రితో చెప్పేది.

ఇందుఁ గలఁ డందు లేఁ డని
సందేహము వలదు చక్రి సర్వోపగతుం
డెందెందు వెదకి చూచిన
నందందే కలఁడు దానవాగ్రణి! వింటే.

గణాలు కుదిరినట్టే ఉన్నాయి. ప్రాస తెలుస్తూనే ఉంది. రెండో పాదంలో సం, స యతి (పాదం మొదటి అక్షరానికీ యతిస్థానంలోని అక్షరానికీ మైత్రి) సరే. నాలుగో పాదంలో మాత్రం మొదటి అక్షరం "నం", యతి చోట "వా". నకీ వకీ ఏ వర్గంలోనూ మైత్రి లేదు. ఆన్‌లైన్‌లో ఛందస్సు చూసే సాధనంలో వేసినా యతి తప్పిందనే వస్తోంది. యతిస్థానం వేరే చోట ఉందా? అలంకారం కూడా రాయాలి. సందేహాలంకారం అనుకుంటున్నాను.

తేటగీతి
స్థానం సరిగ్గానే పట్టుకున్నారు. సంధులు విడదీయలేదు, అంతే. చూచినన్ + అందందే. దానవ + అగ్రణి. యతి అం, అ ల మధ్య. స్వరయతి.

నల్లరేగడి
ఇది అఖండయతి కాదా? సంధి జరిగిన చోట యతి పడితే అఖండయతి అని చదివిన గుర్తు.

తేటగీతి
కాదండి. అఖండయతిలో సంధిని విడదీయకుండా, పైకి కనిపించే హల్లునే యతికి లెక్కపెడతారు. అలా చూస్తే ఇక్కడ నకి వ సరిపోవాలి, సరిపోదు. కాబట్టి ఆ ప్రశ్నే లేదు. రెండు వైపులా సంధి కింద దాగి ఉన్న అచ్చులు కలుస్తున్నాయి. అందరూ ఒప్పుకునే యతి ఇది.

మాత్రాగణితం
గణవిభజన పూర్తిగా పెడతాను, తర్వాత మాట్లాడుకోవడానికి వీలుగా ఉంటుంది. గ అంటే గురువు (రెండు మాత్రలు), ల అంటే లఘువు (ఒక మాత్ర).

1: ఇందుఁగ (గలల, భ) / లఁడందు (లగల, జ) / లేఁడని (గలల, భ)
2: సందే (గగ) / హమువల (లలలల, నల) / దుచక్రి (లగల, జ) / సర్వో (గగ) / పగతుం (లలగ, స)
3: డెందెం (గగ) / దువెదకి (నల) / చూచిన (భ)
4: నందం (గగ) / దేకల (భ) / డుదాన (జ) / వాగ్రణి (భ) / వింటే (గగ)

కందంలో వచ్చేవి గగ, భ, జ, స, నల. ఈ ఐదే. అన్నీ నాలుగు మాత్రలవే. అందుకే ఏ గణం పేరూ గుర్తులేకపోయినా మొదటి పాదంలో 12, రెండో పాదంలో 20 మాత్రలు వచ్చాయో లేదో ముందు చూడండి. మూడు, నాలుగు పాదాలూ అంతే. ఈ లెక్క తేలకుండా గణాలకు పేర్లు పెట్టడం మొదలుపెడితే ఎక్కడో ఒక లఘువు మిగిలిపోతుంది, అది ఎక్కడ తప్పిందో మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి.

మిగతా నియమాలు: రెండు పాదాల్ని కలిపి ఒక అర్ధంగా తీసుకుని గణాలకు 1 నుంచి 8 దాకా వరుస వేయాలి. బేసి గణం జ కాకూడదు. ఆరో గణం జ గానీ నల గానీ అయి తీరాలి. ఎనిమిదో గణం గురువుతో ముగియాలి, అంటే గగ లేదా స. మొదటి పాదం గురువుతో మొదలైతే నాలుగు పాదాలూ గురువుతోనే, లఘువుతో అయితే నాలుగూ లఘువుతోనే. ఈ పద్యంలో అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆరో గణం రెండు అర్ధాల్లోనూ జగణమే.

సిరిసిల్ల_కుర్రాడు
యతి నాలుగో గణం మీద అంటరు కొందరు, ఏడో గణం మీద అంటరు కొందరు. ఏది కరెక్టు?

మాత్రాగణితం
రెండూ ఒకటే. పాదం వరకే లెక్కపెడితే రెండో పాదంలో నాలుగో గణం. అర్ధం మొత్తానికి వరుస వేస్తే ఏడోది. "సర్వో", "వాగ్రణి" ఆ గణాలు. రెండు లెక్కల్ని కలిపేస్తే సందే దగ్గర, అంటే అర్ధంలో నాలుగో గణం దగ్గర, యతి వెతుకుతారు. అది పాదం మొదలే కదా. బేసి పాదాలకు యతి లేదు.

గోదారిగట్టు
@బీఎడ్_రెండోఏడు గణాలు వేసేటప్పుడు పదాల దగ్గర ఆగకండి. "వలదు" ఒక పదం కాబట్టి ఒక గణంలో ఉండాలని అనిపిస్తుంది. ఇక్కడ వ, ల ఒక గణంలోకి, దు తర్వాతి గణంలోకి పోయాయి. "కలఁడు" కూడా అంతే, డు వెళ్లి దానతో కలిసింది. ఆరో గణంలో జగణం ఎక్కువసార్లు ఇలా రెండు పదాల అతుకు మీదే పడుతుంది.

బీఎడ్_రెండోఏడు
అర్థమైంది. ఒక అనుమానం. చూచినన్ + అందందే అని విడదీస్తే మూడో పాదం చివర "చూచినన్" అని రాయాలి కదా. అప్పుడు గణం?

తేటగీతి
చాలా మంచి ప్రశ్న. విడదీసి రాస్తే చూ చి నన్, అంటే గలగ, ఐదు మాత్రలు. కందంలో రగణానికి చోటు లేదు, పాదం కూలిపోతుంది. కాబట్టి ఆ ద్రుతం, అంటే పదం చివరి న్, తర్వాతి పాదంలోకి వెళ్లి అచ్చుతో కలిసి "నం" కావలసిందే. గణాల కోసం సంధి కలిపి చదవాలి, యతి కోసం సంధి విడదీసి చూడాలి. ఈ రెండు పనుల్నీ ఒకేసారి ఒకే ప్రతి మీద చేయబోతే తికమక పడతారు. కాగితం మీద పద్యాన్ని రెండుసార్లు రాసుకోండి, ఒకటి ఉన్నది ఉన్నట్టు, ఒకటి పదవిభాగంతో.

రెండో పాదం చివర కూడా చూడండి. సర్వోపగతుండు + ఎందెందు. "తుం" దగ్గర పాదం ఆగింది, డ్ వెళ్లి ఎతో కలిసి "డెం" అయింది. ఆ సున్న లేకపోతే ఎనిమిదో గణం చివర గురువు రాదు.

కృష్ణాతీరం
పాదం న, డ, మ, య, వ లలో ఒకదానితో మొదలైతే ముందు పాదం చివరి పదాన్ని అనుమానించండి. న అయితే చాలాసార్లు ద్రుతం. డ అయితే డు ప్రత్యయం. మ అయితే ము. య అయితే యడాగమం (రెండు అచ్చుల మధ్య వచ్చి చేరే య). యతిస్థానంలో అక్షరానికీ ఇదే పరీక్ష. పోతనదే ఉత్పలమాల "ఎవ్వనిచే జనించు జగ మెవ్వనిలోపల నుండు లీనమై" చూడండి. ఉత్పలమాలకు భ ర న భ భ ర వ, 20 అక్షరాలు, పదో అక్షరం యతి. పదో అక్షరం "మె". మొదటి అక్షరం ఎ. మకీ ఎకీ యతి ఏమిటి అనుకోకూడదు. జగము + ఎవ్వని. ఎ, ఎ.

పద్యపంచమి
వేమన ఆటవెలదిలో కూడా ఇదే ఉంది.

ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు
చూడ చూడ రుచుల జాడ వేరు
పురుషులందు పుణ్య పురుషులు వేరయా
విశ్వదాభిరామ వినుర వేమ

మొదటి పాదం: ఉప్పు, కప్పు, రంబు (మూడు సూర్యగణాలు), నొక్కపో, లికనుండు (రెండు ఇంద్రగణాలు). యతి నాలుగో గణం మొదటి అక్షరం మీద, అంటే "నొ". పైకి చూస్తే ఉకీ నొకీ సంబంధం లేదు. కప్పురంబున్ + ఒక్క. ఉ, ఊ, ఒ, ఓ ఒక మైత్రి కాబట్టి ఉకి ఒ సరిపోయింది.

సిరిసిల్ల_కుర్రాడు
దాంట్ల రెండో పాదంల చూ, జా ఉన్నయ్. చకి జ మైత్రి ఉంది గానీ ఊకీ ఆకీ లేదు గదా. అక్కడ ఏ సంధి లేదు.

పద్యపంచమి
హల్లు కలిస్తే చాలదు, అచ్చూ కలవాలి అని గమనించారు, అది ముఖ్యం. అక్కడిది ప్రాసయతి. యతికి బదులు రెండో అక్షరాలు కలుస్తాయి: చూ-డ, జా-డ. డకి డ, ముందు రెండు చోట్లా దీర్ఘం. ఆటవెలది, తేటగీతి, సీసం లాంటి వాటిలో ఇది చెల్లుతుంది. కందంలోనూ వృత్తాల్లోనూ ప్రాస నియమం ఉంది కాబట్టి ప్రాసయతి చెల్లదు. అసైన్‌మెంట్‌లో పోతన కందానికి "ప్రాసయతి" అని మాత్రం రాయకండి.

డల్లాస్_తెలుగు
సాధనం "యతి తప్పింది" అన్నదని నమ్మేయడం కన్నా అది ఏం చూసిందో తెలుసుకోవడం మంచిది. పైకి కనిపించే అక్షరాల్ని వర్గాల పట్టికతో పోల్చి చెప్పే సాధనానికి సంధి తెలియదు. గురులఘువులు, గణాలు, ప్రాస వరకు అది బాగానే పనికొస్తుంది. యతి దగ్గర అది ఎర్రగా చూపిస్తే అక్కడ సంధి ఉందేమో చూడమని సూచనగా తీసుకోండి. ఇంకోటి, టైపింగ్. అరసున్న బదులు నిండు సున్న పడ్డ ప్రతిని అతికిస్తే గణాలే మారిపోతాయి.

మాత్రాగణితం
@డల్లాస్_తెలుగు చెప్పినదానికి లెక్క: "గలఁడందు" లో అరసున్న ఉన్నా ల లఘువే. అక్కడ "గలండందు" అని పడితే లం గురువు, మొదటి పాదానికి 13 మాత్రలు వస్తాయి. అరసున్న అసలు రాయకపోయినా ఛందస్సుకు నష్టం లేదు, నిండు సున్న రాస్తేనే నష్టం.

నాలుగో పాదంలో కూడా ఒక అక్షరం పట్టి చూడండి. ఎవరైనా "అందంద కలఁడు" అని రాస్తే నందం (గగ) తర్వాత ద, క, ల, డు నాలుగు లఘువులు ఒక గణం అయిపోతాయి. అప్పుడు ఆరో గణం "దానవా", గలగ. చెల్లదు. "అందందే" లోని దీర్ఘం ఉండాల్సిందే. పాఠంలో అనుమానం వచ్చినప్పుడు ఛందస్సు ఇలా సాక్ష్యం చెబుతుంది.

నల్లరేగడి
పాడి చూసుకుంటే సులువు కాదా? వినగానే ఎక్కడ తప్పిందో తెలుస్తుంది.

గోదారిగట్టు
రాగంతో పాడితే తెలియదు. "ఇందూ గలడూ" అని సాగదీస్తారు, ఆ సాగతీత మాత్రల్లోకి రాదు. రాగం లేకుండా, నాలుగు మాత్రలకో చప్పట్టు వేస్తూ చదవండి. మొదటి పాదానికి మూడు చప్పట్లు, రెండోదానికి ఐదు. ఒక గురువు సగం ఒక చప్పట్టులోకి, సగం తర్వాతి దాంట్లోకి చీలిందంటే అంతకు ముందు ఎక్కడో ఒక మాత్ర తప్పు వేశారన్నమాట.

ముత్యాలసరం
ప్రాస గురించి ఎవరూ విడమర్చలేదు. రెండో అక్షరం ద, దాని ముందు సున్న. ఇందు, సందే, డెందెం, నందం. దు, దే, దె, ద అని అచ్చులు మారినా పర్వాలేదు, ప్రాసకు హల్లే ముఖ్యం. కానీ ఒక పాదంలో సున్న ముందుంటే నాలుగింటిలోనూ ఉండాలి. ఇక్కడ "ముదము" గానీ "అద్దము" గానీ పెట్టలేరు. మొదటిదానిలో సున్న లేదు, రెండోదానిలో ద్విత్వం ఉంది.

సిరిసిల్ల_కుర్రాడు
మరి ప్రాస రెండో అక్షరం దగ్గర ఆగిపోలేదు గదా ఇక్కడ. ంద అంతటా ఉంది.

ముత్యాలసరం
అదే అలంకారం. లెక్కపెట్టండి: ఇందు, అందు, సందే, ఎందెందు లో రెండు, అందందే లో రెండు. ఏడు సార్లు. నాలుగు ప్రాసనియమం వల్ల వచ్చినవి, మిగతా మూడు కవి తనంతట తాను వేసినవి. "ఇందులో ప్రాస ఉంది కాబట్టి అనుప్రాస" అని రాస్తే సరిపోదు. ప్రాస ఛందోనియమం, అది ప్రతి కందంలోనూ ఉంటుంది. నియమానికి మించి వచ్చిన ఆ మూడింటి వల్లే ఇది వృత్త్యనుప్రాస (అవే హల్లులు పలుమార్లు రావడం) అవుతుంది. జవాబులో ఈ తేడా చూపించండి.

బీఎడ్_రెండోఏడు
"సందేహము వలదు" అని ఉంది కదా, సందేహాలంకారం ఎందుకు కాదు?

ఆమ్రేడితం
పద్యంలో సందేహం అన్న మాట ఉన్నంత మాత్రాన సందేహాలంకారం రాదు. ఉపమేయాన్ని చూసి ఇది అదా, ఇదా అని పోలిక వల్ల పుట్టిన అనుమానాన్ని చెబితే ఆ అలంకారం. ఇది ముఖమా, చంద్రబింబమా అన్నట్టు. ఇక్కడ పోలికే లేదు. పైగా సందేహం వద్దంటున్నాడు.

నల్లరేగడి
ఎందెందు, అందందు అని పదమే రెండేసి సార్లు వచ్చింది కాబట్టి లాటానుప్రాస అనొచ్చుగా?

ఆమ్రేడితం
అనలేం. లాటలో అదే పదం అదే అర్థంతో మళ్లీ వచ్చి తాత్పర్యం మారాలి. ఇక్కడ తాత్పర్యం మారడం లేదు, ప్రతిచోటా అని విస్తరిస్తోంది. అది వీప్స. వ్యాకరణంలో రెండోసారి వచ్చిన మాటకు ఆమ్రేడితమని పేరు (నా హ్యాండిల్ ఎంచుకున్నది ఆ ఇష్టంతోనే). ఛేకానుప్రాసా కాదు, దానికి అర్థభేదం ఉన్న హల్లుల జంట వెంటవెంటనే రావాలి. వృత్త్యనుప్రాస ఒక్కటే గట్టిగా నిలుస్తుంది.

బీఎడ్_రెండోఏడు
ఇదే పద్ధతి మాత్రాఛందస్సుకీ వాడొచ్చా? తర్వాతి యూనిట్‌లో గురజాడ ఉన్నాడు.

ముత్యాలసరం
నా విషయం వచ్చింది. నా హ్యాండిల్ గురజాడ ఛందస్సు పేరే, ముత్యాలసరం.

దేశమును ప్రేమించుమన్నా
మంచి అన్నది పెంచుమన్నా
వొట్టి మాటలు కట్టిపెట్టోయ్
గట్టి మేల్ తలపెట్టవోయ్

మొదటి మూడు పాదాలూ 3+4+3+4. దేశ / మునుప్రే / మించు / మన్నా. మంచి / అన్నది / పెంచు / మన్నా. వొట్టి / మాటలు / కట్టి / పెట్టోయ్. నాలుగోది 3+4+3+2: గట్టి / మేల్ తల / పెట్ట / వోయ్. యతిప్రాసల నియమం లేదు. అయినా వొట్టి, కట్టి, గట్టి, పెట్ట అని ట్ట ఎక్కడెక్కడ పడిందో చూడండి. నాలుగు చోట్లా మూడు మాత్రల గణంలో రెండో అక్షరంగానే పడింది. ఇందాక పద్యపంచమి గారు చెప్పిన ప్రాసయతికి చెవి అలవాటు పడ్డ కవి మాత్రమే అలా వేయగలడు.

నల్లరేగడి
ఆగండి. "దేశమును ప్రేమించు" లో ప్రే సంయుక్తాక్షరం. దాని ముందున్న "ను" గురువు కావాలి. అప్పుడు 15 మాత్రలు.

తేటగీతి
సంయుక్తం ముందు అక్షరం గురువు అన్నది ఒకే పదంలోనూ, సంస్కృత సమాసంలోనూ. "రాజప్రాసాదము" సమాసం, అక్కడ జ గురువు. "దేశమును" తెలుగు విభక్తితో ముగిసిన వేరే పదం, దాని చివరి ను లఘువుగానే ఉంటుంది. 14 సరే. వట్రసుడి దగ్గర కూడా చాలామంది పొరబడతారు. కృ, తృ సంయుక్తాలు కావు. "ప్రకృతి" మూడు లఘువులు, నగణం.

మాత్రాగణితం
"మేల్" కూడా. దీర్ఘం మీద పొల్లు వచ్చినా గురువు రెండు మాత్రలే, మూడు కావు. వోయ్ అంతే.

కృష్ణాతీరం
అలంకారం దగ్గరికి మళ్లీ. "చక్రి" ని వదిలేశారు. రాక్షసరాజుకు చక్రం పట్టినవాడి పేరు చెప్పి బెదిరిస్తున్నట్టు ఉంది. సాభిప్రాయమైన విశేష్యం, పరికరాంకురం.

ఆమ్రేడితం
నాకు ఒప్పుదల లేదు. పద్యం చెబుతున్నది సర్వవ్యాపకత్వం. చక్రం ఇక్కడ పనిచేయదు, తర్వాత నరసింహుడు చంపేది గోళ్లతో. వ్యాపించినవాడు అన్న అర్థంలో విష్ణు నామం వాడి ఉంటే పరికరాంకురం అని నేనే ముందు అనేవాణ్ని.

కృష్ణాతీరం
విష్ణు వేయడం కుదరదు కదా. "విష్ణుఁడు" గానీ "విష్ణువు" గానీ గలల. దు పక్కన పెడితే లగల తర్వాత ఒక లఘువు మిగిలిపోతుంది. ప్రత్యయం లేకుండా ఒంటరిగా నిలబడే "చక్రి" కి ఆ ఇబ్బంది లేదు.

మాత్రాగణితం
ఛందస్సు వరకు చెప్పాలంటే అక్కడ గల కావాలి. "హరి" రెండు లఘువులు, ఒక మాత్ర తక్కువ. "శౌరి" గల, చక్కగా సరిపోతుంది: దుశౌరి, జగణం. యతి ఆ చోట పడదు కాబట్టి ఆ వైపు నుంచీ అడ్డు లేదు. అంటే గణం కోసం చక్రి ఒక్కటే గతి అనలేం. శౌరి అందుబాటులో ఉన్నా చక్రి అన్నాడు.

కృష్ణాతీరం
నా వాదనకు బలం అదే.

ఆమ్రేడితం
ఎంపిక ఉందని ఒప్పుకుంటాను. ఆ ఎంపిక అర్థం కోసమా, ధ్వని కోసమా అన్నది తేలలేదు. చక్రి, సర్వో పక్కపక్కన చదవండి: రెండూ హ్రస్వంతో మొదలై రేఫ ఉన్న సంయుక్తం వల్ల గురువులయ్యాయి. శౌరి, సర్వో అంటే ఆ ఊపు రాదు. @బీఎడ్_రెండోఏడు వృత్త్యనుప్రాసను ఉదాహరణలతో ప్రధానంగా రాయండి. పరికరాంకురం రాయాలనుకుంటే శౌరి కూడా గణానికి సరిపోయేదని చూపించి రాయండి, అది లేకుండా రాస్తే దిద్దేవాళ్లు కొట్టేస్తారు.

బీఎడ్_రెండోఏడు
రాస్తాను. యతి దగ్గర "అం – అ, స్వరయతి" అని రాస్తే చాలా, సంధి పేర్లు కూడా ఇవ్వాలా?

తేటగీతి
రెండు విభాగాలూ రాయండి. దానవ + అగ్రణి సవర్ణదీర్ఘం. చూచినన్ + అందందే దగ్గర ద్రుతం తర్వాతి అచ్చుతో కలిసిందని ఒక వాక్యం. గణవిభజన పక్కన యతి అక్షరాల కింద గీత గీసి, ఆ గీత పక్కనే విడదీసిన రూపం పెట్టండి.